మూడో వేలు

ఒకే రాత్రి పుట్టాం ఇద్దరం, పావుగంట తేడాలో.
ఇప్పుడు నాకు డెబ్బై ఒకటి.
వాడికి ఇరవై నాలుగు.

మా కాంగో వాళ్ళలో కవలలకి పేర్లు వెతకక్కర్లేదు,
ముందొచ్చినవాడు న్సింబా, వెనకొచ్చింది న్జుజి.
అన్నిట్లోనూ వాడే ముందు.
పోవడంలో కూడా.

కిన్షాసా రేవు దగ్గర చేపలమ్ముతాను.
బేరానికొచ్చినవాళ్ళు చేప మొప్పలు చూడరు,
నా మొహం చూస్తారు.
బతికుంటే అతనికీ ఇలాగే చెంపలు జారేవా,
ఇలాగే కనుబొమలు నెరిసేవా అని
లెక్కలేసుకుంటారు.
గోడల మీద వాడు నున్నగా నవ్వుతుంటాడు,
ఏటా రంగులేస్తారు వాడికి.
నాకెవరేస్తారు?

పదకొండు రోజుల జ్వరం. అంతే.
అప్పటికి వాడి రికార్డులు నాలుగు,
అప్పులు తొమ్మిది,
దర్జీ దగ్గర ఒక చేయి కుట్టని నీలం కోటు.
అప్పులు నేను తీర్చాను.
కోటు ఎవరు కొన్నారో తెలీదు.
రికార్డుల డబ్బులు ఏ నదిలో కలిశాయో
ఈ నదికీ తెలీదు.

ఆ నాలుగో పాట ఉంది చూశారూ,
బారులో గ్లాసులు కడిగే పిల్లాడి నుంచి
మంత్రిగారి డ్రైవరు దాకా ఈల వేసేది,
అందులో గిటారు పైకి, పైపైకి ఎక్కి
మేడ చివరి మెట్టు దగ్గర
ఒక్క స్వరం వదిలేసి దూకుతుంది.
అక్కడే అందరి గుండె జారుతుంది.
ఈ ఊళ్ళో గిటారు పట్టిన ఎవడైనా
అక్కడికొచ్చేసరికి కుంటాల్సిందే,
కుంటకపోతే గురువు ఒప్పుకోడు.

మొన్నొక పరిశోధకుడొచ్చాడు, బ్రస్సెల్స్ నుంచి,
చెమటకి కళ్ళజోడు జారిపోతోంది పాపం.
ఆ ఖాళీలో చావు ముందే కనిపించిందన్నాడు,
తెల్లవాళ్ళ పాలన మింగేసిన మాటలన్నీ
అందులోనే ఉన్నాయన్నాడు.
ఉంటే ఉన్నాయేమో.
రెండు కిలోల ఎండుచేప తూచి ఇచ్చాను.

నాకు తెలిసిందల్లా ఆ పొద్దుటి సంగతి.
అమ్మకి ఒంట్లో బాగోలేదు,
నా బుట్టలో ముప్పై చేపలు.
స్టూడియోకి పోయేవాణ్ణి ఆపి
ఈ నాలుగూ కోసిపెట్టి పోరా అన్నాను.
చేప జారింది, లేదా నా చేయే తగిలింది,
కత్తి వాడి ఎడమచేతి మూడో వేలి కొసన
నెలవంకలా దిగింది.
నా తలగుడ్డ చింపి కట్టాను.
తిట్టలేదు. నవ్వి పరిగెత్తాడు.
గంటకింత అద్దె,
ఇంకో రోజు తీసుకునే స్తోమతేదీ?
ఆ ఒక్క స్వరానికి ఆ వేలే కావాలి.
వేలు ఒప్పుకోలేదు.

రాత్రి ఇంటికొచ్చి అన్నాడు,
"మెట్టు విరిగింది న్జుజీ,
మానాక మళ్ళీ వాయిస్తాలే."
మానింది కూడా.
మానిన వేలితోనే పాతిపెట్టాం.

నలభై ఏడేళ్ళు.
ఇన్ని వేళ్ళు, ఏ గాయమూ లేని వేళ్ళు,
నా కత్తిగాటుని జాగ్రత్తగా దాటుకుంటూ పోతున్నాయి.
ఎవరికీ చెప్పలేదు,
చెబితే వాడు తగ్గిపోతాడేమోనని కొన్నాళ్ళు,
నేను పెరిగిపోతానేమోనని కొన్నాళ్ళు.

నిన్న సాయంత్రం కరెంటు పోయింది.
వీధిలో మవుంగు, తొమ్మిదేళ్ళవాడు,
నూనె డబ్బాకి సైకిలు బ్రేకు తీగలు బిగించుకుని
ఆ పాటే పట్టాడు.
వాళ్ళింట్లో రేడియో లేదు, సరిగా విన్నట్టు లేడు.
ఎక్కాడు, ఎక్కాడు,
చివరి మెట్టు మీద కాలు పెట్టేశాడు.

ఇంట్లో, కిరసనాయిలు దీపం ముందు,
గాయానికి ముందు రాత్రి విన్నాను ఆ స్వరాన్ని.
తరవాత నిన్ననే.

"తప్పు!" అని అరిచాడు బోలెంగే మాస్టారు,
పిల్లాడి నెత్తిన ఒకటి మొట్టి,
"అక్కడ వదిలెయ్యాలిరా, తెలీదూ?"
వాడు బిక్కమొహం వేశాడు.

బుట్ట దించాను.
మోకాళ్ళు పట్టేస్తున్నా నేలమీద కూచున్నాను.
"మళ్ళీ వాయించు," అన్నాను,
"ఇందాకటిలాగే."