కోరం

మిస్ కార్మియే బోర్డు మీద పన్నెండు మాటలు రాసి
శుక్రవారం పరీక్ష అంది.
తీర్మానం. సవరణ. మెజారిటీ. వీటో.
వీటో మాకు ముందే తెలుసు,
రాత్రి పదింటికి మా అమ్మ తల అడ్డంగా ఊపితే అదే.
బిల్లంటే కరెంటు బిల్లు కాదని
ఓరిన్‌కి రెండుసార్లు చెప్పాల్సొచ్చింది.
తొమ్మిదో మాట దగ్గర అందరం ఆగిపోయాం:
కోరం.
ఏమీ కోరం, మాకేమీ వద్దు అన్నట్టు
మూతి ముడుచుకు కూర్చున్న మాట.

చదివితే ఎక్కేది కాదని
మార్చి మంచులో, మేన్ రాష్ట్రం పైకొసన,
నది అవతల కెనడా దీపాలు కనిపించే మా ఊరి సభకి
ఇరవైరెండు మందిమి బూట్లు దులుపుకుంటూ వెళ్లాం.

ఆరో అంశం మాది:
స్కూలు లైబ్రరీ కప్పుకి పద్దెనిమిది వేల డాలర్లు.
అట్లాసుల అర పక్కన బకెట్ పెట్టి రెండేళ్లు.
ఆఫ్రికా ఉబ్బింది.
ఆస్ట్రేలియా వెళ్లి నార్వేకి అంటుకుపోయింది.

మోడరేటర్ వినిఫ్రెడ్ మిషో సుత్తి ఎత్తింది గానీ కొట్టలేదు.
"యాభై మంది ఉండాలి. నలభైతొమ్మిది మందిమే ఉన్నాం."
గుమస్తా మళ్లీ లెక్కపెట్టాడు, వేలితో ఓసారి, పెన్సిల్‌తో ఓసారి,
పొయ్యి పక్కన కునికేవాళ్లని కూడా వదలకుండా.
మా వరస దగ్గరికొచ్చేసరికి
వేలు గాల్లోనే దాటేసింది.
పదమూడేళ్ల తలలు ఇరవైరెండు,
కంటికి ఆనతాయి, లెక్కకి రావు.

గంట గడిచింది. పళ్లెంలో బీన్స్ చల్లారి బిగుసుకున్నాయి.
ఆవులకి పాలు పితకాలంటూ ఒకాయన కోటు తొడుక్కుంటే
వాళ్లావిడ మోచెయ్యి పట్టి కూలేసింది.
నలభైతొమ్మిది, నలభైతొమ్మిదిగానే నిలిచింది.

అప్పుడు తలుపు తెరుచుకుంది.
గడ్డం నిండా మంచుతో ఎల్జియర్ వొయిసీన్.
పన్ను మాటెత్తితే పళ్లు నూరే మనిషి.
"కప్పు కారితే ఇంకో బకెట్ కొనుక్కోండి,"
అని మొన్నే కొట్లో అన్నాడు.
అయినా ఆయన్ని చూసి మేం చప్పట్లు కొట్టాం.
సుత్తి పడింది.

అవునన్న చేతులు ఇరవైఐదు.
కాదన్న చేతులూ ఇరవైఐదే.
తొడుగైనా తియ్యకుండా ఆఖర్న లేచిన చెయ్యి ఆయనది.
సమానమైతే వీగిపోయినట్టే,
నా ఓటు అందులోనే ఉంది, అంది వినిఫ్రెడ్, మా వైపు చూడకుండా.
కోరం ఉంది గనక కోరగలిగాం.
కోరింది దక్కలేదు.

ఓరిన్ అరచేతి మీద పెన్నుతో లెక్క కట్టాడు:
ముసలాయన రాకపోతే ఇరవైఐదు, ఇరవైనాలుగు, మనమే గెలుద్దుం.
ముసలాయన రాకపోతే అసలు ఓటే లేదు.
రెండు లైన్లూ కరెక్టే.
సబ్బుతో కడిగినా వారం దాకా పోలేదు.

బయట ఆయన ట్రక్కు చక్రాలు మంచులో దిగబడి తిరుగుతున్నాయి.
ఎవరూ ప్రతిపాదించలేదు, ఎవరూ బలపరచలేదు.
ఇందాక లెక్కకి రాని చేతులు
నలభైనాలుగూ వెనక చేరి తోశాయి.
రోడ్డెక్కాక అద్దం దించి అన్నాడు:
"వచ్చే మార్చిలో మళ్లీ పెట్టండి.
మళ్లీ కాదంటాను.
వస్తాలే గానీ."

శుక్రవారం పరీక్షలో నేను
సభ జరగడానికి హాజరు కావలసిన కనీస సభ్యుల సంఖ్య
అని పొల్లుపోకుండా రాశాను. పూర్తి మార్కు.
ఓరిన్ అదే ఖాళీలో
ఎల్జియర్ వొయిసీన్ అని రాశాడు.
మిస్ కార్మియే చాలాసేపు ఎర్ర పెన్ను తిప్పుతూ కూర్చుని
సగం వేసింది.

ఆ సగం మీద నాకు ఇప్పటికీ కన్నే.