బొటనవేలు చదవదు

రాత్రి చార్జింగుకి పెట్టి పడుకున్నారంతా.
తెల్లారేసరికి
ఎవరి ఫోను వాళ్ళది కాకుండా పోయింది.

మారతహళ్ళి బ్రిడ్జి కింద
ఆరడుగుల కొట్టు నాది.
షట్టరు నడుం దాకా లేపానో లేదో
కిందనుంచి ఒక చెయ్యి దూరింది, చేతిలో ఫోను:
"అబ్బీ, పచ్చగుండీ యాడికి పోయింది?"

ఓబులమ్మక్క. మూల మీద ఇడ్లీ బండి.
నలభై రూపాయలు పడ్డాయో లేదో చూసుకోబోయి
పిండి చేతుల్తో గీకితే
పులివెందులలో ఎవరికో
మూడుసార్లు ఫోను కలిసిందంట.
"నేను పండుకున్న్యాక నా వంటింట్లో దూరి
ఉప్పుడబ్బా కారండబ్బా మార్చి పెట్టినోణ్ణి
ఏమంటారు చెప్పు? దొంగ అనరా?"
ఏమీ ఎత్తుకుపోలేదు కదక్కా అన్నాను.
"అందుకే మండుతాంది" అంది.

సెక్యూరిటీ బిపిన్
ఫోను ఎవడో మార్చేశాడనుకుని
రూములో పక్కవాడి మీద చెయ్యి చేసుకుని వచ్చాడు.
వెనకవైపు పాత పగులు చూపించి
నీదేరా నాయనా అని ఒప్పించేసరికి
నా టీ చల్లారింది.

ఆటో సిద్ధగంగయ్య కోపం వేరు.
తెరంతా గాజు చేసి పెట్టారు,
వెనకాలది ముందుకి కనిపిస్తోంది,
సిల్క్ బోర్డు ఎండలో
అక్షరమేదో వెలుతురేదో తెలియక
రెండు బాడుగలు పోయాయి.
కన్నడంలో తిట్టాడు. తనివి తీరక తమిళంలో తిట్టాడు.
చివరికి నా మొహమాటానికి తెలుగులో కూడా ఒకటి.

లెక్కల మేష్టరు పద్మనాభాచార్ తిట్టలేదు.
గళ్ళ నోటుబుక్కులో స్కేలు పెట్టి
పాత తెర పటం గీసుకొచ్చారు.
"ఇలా చేసివ్వు, ఎంతైనా ఇస్తాను."
పితికిన పాలు పొదుగులోకి ఎక్కవని
ఆయనకి చెప్పడానికి నోరు రాక
కాగితం పుచ్చుకుని
కౌంటరు అద్దం కింద పెట్టాను.

పీజీ కుర్రాడు ఒక్కడే
"సూపరుంది బ్రో, నీళ్ళలా జారుతోంది" అన్నాడు.
వరసంతా వెనక్కి తిరిగి చూసింది.
పాపం, ఇయర్‌ఫోన్లు పెట్టేసుకున్నాడు.

మధ్యాహ్నం దాటాక వచ్చిందా అమ్మాయి,
మెడలో ట్యాగు జేబులోకి దోపుకుని.
గ్లాసు పగిలింది, మార్చాలంది.
నేను మారుస్తున్నంతసేపూ స్టూలు మీద కూర్చుని
వచ్చేపోయేవాళ్ళ తిట్లన్నీ వింది,
ఎవరో తన పేరు పెట్టి పిలుస్తున్నట్టు.

చేతికిచ్చి
ఒకసారి ఎవరికైనా చేసి చూడమ్మా అన్నాను.
ఆమె బొటనవేలు తిన్నగా
ఎడమ మూలకి, పాత చోటుకే పోయి
ఖాళీని నొక్కింది.
ఇంకోసారి నొక్కింది.
అప్పుడు ఆగి వేలికేసి చూసుకుంది,
పదిమందిలో పరువు తీసిన పిల్లని చూసినట్టు.

"దాన్ని అక్కడినుంచి తీసింది మా టీమే"
అంది, నాకొక్కడికే వినపడేలా.
"పద్నాలుగు నెలలు. కలలో కూడా కుడివైపే కనిపిస్తుంది.
వేలికే ఎవరూ చెప్పలేదు."

డబ్బులు కట్టడానికి తడుముకుంటుంటే
రీచార్జికని వచ్చిన ఓబులమ్మక్క
భుజం మీదుగా వంగి
"ఆడ కాదు పాపా, కిందికి లాగు" అని చూపించింది.

ఆమె ఎవరో నేను చెప్పలేదు.
చెప్పుంటే ఏం చేసేదో అక్క,
తిట్టేదో, రెండిడ్లీ పెట్టేదో.

వారం తిరిగేసరికి గొడవ లేదు.
ఎలా ఉందయ్యా అనడిగితే
సిద్ధగంగయ్య "ఏది?" అన్నాడు.
మేష్టరుగారి పటం మాత్రం అద్దం కిందే ఉంది,
ఆయనా అడగలేదు.

ఓనరు నా షట్టరు తాళం
కుడివైపుకి మార్పించి మూడేళ్ళు.
రోజూ పొద్దున్నే తాళంచెవి పట్టుకుని
ముందు ఎడమవైపే వంగుతాను.