ఆగిన ఓడకు అద్దె

డెడ్జాలో మా ఎరువుల గోదాముకు
తాళం ఉంది, కాపలా ఉంది,
కాటా ఉంది, రసీదు పుస్తకం ఉంది.
ఎరువే లేదు.
గుమాస్తాను నేను.
పొద్దున్నే ఖాళీని ఊడిపించి
రిజిస్టరులో సున్నా వేసి
సున్నా కింద సంతకం పెడతాను.

ఆగస్టులో తెరవాల్సిన టెండరు.
కమిటీలో ఒకాయన మేనకోడలి పెళ్లికి వెళ్లాడు.
అక్టోబరులో తెరిచారు గానీ
క్వాచా విలువ తగ్గిస్తారో లేదో తేలక,
తగ్గిస్తే ఓట్లు పోతాయని తేల్చక,
డాలర్లున్నవాళ్లు గుప్పిళ్లు మూసుకున్నారు.
నవంబరులో బెయిరా రేవులో ఓడ ఆగింది,
కడుపునిండా యూరియాతో,
నెలలు నిండినా నొప్పులు రాని మనిషిలా.
ఆగినందుకు రోజుకింత అద్దె.
ఆ అద్దె ఎవరు కట్టాలన్నది
వచ్చే సమావేశానికి పెట్టారు.

ఈలోగా వాన వచ్చింది.
వానకు కోరం అక్కర్లేదు.

ఫలేసి చిటెడ్జె మొదటిసారి వచ్చినప్పుడు
ఆమె మొక్కజొన్న చీలమండ ఎత్తు.
కూపను కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో,
కవరును చితెంజె గుడ్డ ముడిలో దాచుకొని
పద్నాలుగు కిలోమీటర్లు నడిచి వచ్చింది.
"రేపు రా అమ్మా."
రెండోసారికి మోకాలెత్తు. ఆకుల కొసల్లో పసుపు.
"సోమవారం తప్పకుండా."
మూడోసారి ఏమీ అడగలేదు.
ముడి విప్పి, పచ్చకామెర్ల ఆకునొకదాన్ని
నా బల్ల మీద, రసీదు పుస్తకం పక్కన పెట్టింది.
నేను స్టాంపు పెట్టెకు మూత పెట్టాను.
అంతకంటే చేయగలిగింది తోచలేదు.

ఆలస్యానికి ఖర్చేముంది అనుకుంటారు పెద్దలు.
సంతకం పెట్టని కలానికి సిరా కాదు గదా.
ఓడ యజమానికి మాత్రం తెలుసు,
గంటకింత, చిల్లరతో సహా.
ఆయనకు బిల్లు పుస్తకం ఉంది.
ఫలేసికి లేదు.

జనవరిలో ఒక గురువారం రాత్రి
రేడియోలో, ఫుట్‌బాల్ స్కోరుకీ వాతావరణానికీ నడుమ,
క్వాచాను కోసేశారు.
ఆగస్టులో అయితే చర్మం చీరుకునేది.
ఇప్పుడు ఎముక దాకా దిగింది.
తెల్లారేసరికి ఉప్పు, సబ్బు, కిరసనాయిలు
మూడూ పేరు మార్చుకున్నట్టు
మేం గుర్తుపట్టలేని ధరల్లో నిలబడ్డాయి.

నెలాఖరున లారీలు వచ్చాయి.
పద్దెనిమిది. ముందు బండికి జెండా,
వెనక బండిలో కెమెరా.
ఉపమంత్రిగారు ఒక సంచిని తట్టి
"మాట నిలబెట్టుకున్నాం" అన్నారు.
అబద్ధం కాదు.
మాట నిలబడింది. ఓడా నిలబడింది.
పైరే నిలబడలేదు.

వరసలో నలభై రెండో మనిషి ఫలేసి.
వేలిముద్ర వేసింది, సంచి ఎత్తుకుంది,
గేటు దాటి పది అడుగులు వేసింది.
అక్కడ మౌలిదీ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు,
ఎవరి మీదా కోపం లేని మొహంతో.
వచ్చే ఏటికి దాచుకోగలిగినవాడు అతనొక్కడే.
సగం ధర ఇచ్చాడు.
ఆ డబ్బుకే మొక్కజొన్నలు కొలిచి
నిరుడు వాడిన యూరియా సంచిలో పోసిచ్చాడు.
సంచి మూతికి సరిగ్గా జానెడు వెలితి.

వాయిదా అనే మాటను
ఇన్నేళ్లూ ఒకవైపే చదివాను.
వేసేవాళ్లు వేరు, కట్టేవాళ్లు వేరు,
మాట మాత్రం ఒక్కటే.

మార్చిలో ఆడిటరు వచ్చాడు.
వచ్చినవి, పోయినవి, మిగిలినవి,
మూడు గళ్లూ వేలితో జార్చుకుంటూ చూశాడు.
పక్కన నేను పెన్సిలుతో గీసుకున్న నాలుగో గడిని,
"ఎప్పుడు" అని రాసిన దాన్ని,
ఇదేమిటన్నాడు.
ఏం లేదండీ అన్నాను.
రబ్బరు ఆయన దగ్గరే ఉంది.
లెక్క సరిపోయింది, టీ తాగుదామా అన్నాడు.

కిటికీలోంచి చూస్తే
కోతకు ఏమీ లేని పొలం మీద
ఇంకా, ఎంతో బాగా,
వాన.