వంతెన మీద నా వంతు

మంగళవారం రాత్రులు నావి.
పదింటి నుంచి తెల్లారేదాకా వంతెన మీద.
నాతో మెవ్లిదా, నడుంనొప్పి ఫాదిలా,
పగలంతా కునికి రాత్రికి కళ్ళు విప్పే రెఫియా ముసలమ్మ.
ఇనప పీపాలో బీచ్ కట్టెల మంట,
పొడవు కాడ ఇత్తడి గిన్నెలో మరిగి మరిగి చేదెక్కిన కాఫీ.

బయటివాళ్ళు దీన్ని ఉద్యమం అంటారు.
మాలో మేం "కూర్చోడం" అంటాం.
"ఈ రాత్రి కూర్చోడానికి వస్తున్నావా?"
అంతకన్నా పెద్ద మాట
మా నోళ్ళలో పట్టదు.

ముప్ఫై ఒక్క ఏళ్ళు
ఈ వంతెన దాటి ఉత్తరాలు పంచాను.
పెళ్ళిపిలుపులు, పింఛను కాయితాలు,
యుద్ధం రోజుల్లో ఎవరూ చింపడానికి ఇష్టపడని పల్చటి కవర్లు.
చేత్తో పట్టుకుంటే చాలు, లోపలేముందో చెప్పగలిగేదాన్ని.
కిందికి మాత్రం ఎప్పుడూ చూడలేదు.
నీళ్ళ చప్పుడు నా బూట్ల చప్పుడులో కలిసిపోయేది.
ఇక్కడొక ఏరుందని నాకు తెలిసింది
దాన్ని గొట్టంలో పెడతామని వాళ్ళు వచ్చాకే.
చెప్పుకోవడానికి సిగ్గే,
అయినా రాస్తున్నాను.

సారయెవో నుంచి వచ్చిన ఇంజనీరు మర్యాదస్తుడు.
కారు బానెట్ మీద మ్యాపు పరిచాడు.
మా ఏరు అందులో ఎర్రగీత.
"పదోవంతు నీళ్ళు వదులుతాం కదమ్మా" అన్నాడు.
"పదోవంతు చేప ఎట్లా ఈదుతుంది నాయనా?"
రెఫియా నిజంగానే అడిగింది, వెటకారం కాదు.
అతను మ్యాపు మడిచాడు.
మడతలు సరిగ్గా పడలేదు.

మార్చి ఆఖరి మంగళవారం, తెల్లవారుజామున
పోలీసులొచ్చారు.
హెల్మెట్ అద్దాల్లో మా పీపా మంట
చిన్నచిన్న ముక్కలుగా వణికింది.
ఏం చెయ్యాలో ముందే అనుకున్నాం:
తిట్టొద్దు, తొయ్యొద్దు, పారిపోవద్దు,
తడిసిన గోధుమ బస్తాలా బరువైపోవాలి.
వినడానికి తేలికే.
నా కుడిచెయ్యి నన్నడక్కుండానే పిడికిలైంది.
వేలు తరవాత వేలు, నేనే విప్పుకున్నాను.
బొటనవేలు అన్నిటికన్నా మొండిది.
శాంతి గురించి నాకు తెలిసిందల్లా
ఆ అయిదు వేళ్ళతో పడ్డ పాటు.
మిగతాది చదువుకున్నవాళ్ళు చెబుతారు.

నన్నెత్తినవాడు సబహెత కొడుకు ఎనిస్.
వాడి పోలీసు ఉద్యోగం ఉత్తరం ఇచ్చింది నేనే.
ఆ రోజు వాళ్ళమ్మ నా సంచీ నిండా అక్రోట్లు పోసింది.
రోడ్డు పక్కన నన్ను దించి, గబగబా వెనక్కెళ్ళి,
ఊడిపోయిన నా బూట్లు రెండూ తెచ్చాడు.
మోకాలి మీద కూర్చుని తొడిగాడు
కుడిది ఎడమకి, ఎడమది కుడికి.
ఇద్దరం చూసుకున్నాం.
ఇద్దరం ఏమీ అనలేదు.
అలాగే ఇంటిదాకా నడిచాను.

బుల్డోజరు ఆ రోజు వంతెన దాటలేదు.
మేం ఆపామో, డీజిలే అయిపోయిందో!
మేమే అంటుంది మెవ్లిదా.
నేను కాదనను.

ఇంకొకటి కూడా చెప్పాలి.
నా గదిలో హీటరు కరెంటుదే.
స్విచ్చి దగ్గర చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది.
తరవాత నొక్కుతుంది.
ఇక్కడి చలి మీకు తెలీదు.

నిన్న కొత్త పోస్ట్‌మ్యాన్ కుర్రాడు వచ్చాడు, తలెత్తకుండా.
పసుపు అంచు కవరు. పట్టుకోగానే తెలిసింది, జరిమానా.
"వంతెనపై రాకపోకలకు ఆటంకం."
ఆ వంతెన మీద రాకపోకలంటే
జుల్ఫో మేకలు,
ఇన్నేళ్ళూ నేను.
సంతకం ఎక్కడ పెట్టాలో చూపించబోయాడు.
"తెలుసులే బాబూ" అన్నాను.

రేపు మళ్ళీ మంగళవారం.
ఉన్ని మేజోళ్ళు ఇంకా ఆరలేదు.
రెఫియాకి దగ్గు పట్టుకుంది,
ఆమె కుర్చీ కూడా నేనే మోసుకెళ్ళాలి.