ఎదురుగాలి వైపు

వెల్లింగ్టన్‌లో గాలికి సెలవుండదు.
ప్రతి కెప్టెనూ ముందు జెండా చూసేవాడు,
తర్వాత డెస్ కార్మొడీ ముఖం చూడకుండా
బంతి అతని చేతిలో పెట్టేవాడు:
"నువ్వు ఆ వైపు నుంచి."

ఆ వైపంటే ఎదురుగాలి.
గాలివాటం ఎప్పుడూ మరొకడిది.
పొడుగు జుట్టువాడు, పోస్టర్లవాడు,
అతడు పరుగందుకుంటే స్టాండ్లు లేచి నిలబడేవి.
డెస్ పరుగందుకుంటే
జనం టీ ఫ్లాస్కుల మూతలు తిప్పుకునేవాళ్లు.

నేను స్కోరర్‌ని. పదకొండేళ్లు
గాజు కిటికీ వెనక, రెండు పెన్సిళ్లతో.
నా పుస్తకంలో అతనంతా చుక్కలే.
పరుగు రాని బంతికి ఒక చుక్క.
ఆరూ చుక్కలే పడితే
వాటిని కలిపి ఎమ్ గీస్తాం, మెయిడెన్ అని.
నా పేరూ ఆ అక్షరంతోనే మొదలవుతుందని
అతనికి తెలుసో లేదో.

ఇరవై ఆరు టెస్టులు, నలభై ఎనిమిది వికెట్లు.
అది పత్రికలవాళ్ల లెక్క.
నా దగ్గర ఇంకొకటుంది, పుస్తకానికి ఎక్కనిది:
పొడుగు జుట్టువాడికి పడ్డ వికెట్లలో
ఎన్నింటికి ముందు ఓవరు డెస్‌ది అని.
ఇటు ఒక్క పరుగూ దొరక్క ఊపిరాడక
అటు వెళ్లి తొందరపడ్డవాళ్లు.
నూట మూడు దగ్గర లెక్క ఆపేశాను.

ఒక్కసారి, మార్చిలో, ఓవరు మధ్యలో గాలి తిరిగింది.
ఉత్తరం నుంచి దక్షిణానికి, ఇక్కడ తిరిగినట్టే, చెప్పకుండా.
కెప్టెన్ ఇంకా చూడలేదు.
వీపు మీద ఎవరో చెయ్యి వేసినట్టుండేసరికి
అడుగులు ఎక్కడ ఆపాలో తెలియలేదు డెస్‌కి.
మూడు నోబాల్స్.
నాలుగోది వేసి కూలబడ్డాడు, మడమ పట్టుకుని.
మిగిలిన ఐదు బంతులూ ఇంకెవరో వేశారు.
అతని పేరు పక్కన ఆఖరిగా నేను పెట్టింది
ఒక చుక్క.

మొన్న చలికాలం మాకారా కొండ మీదికి వెళ్లాను.
అక్కడ గాలిమరలకు నూనె పెట్టే పని అతనిది,
పద్నాలుగేళ్లుగా.
జుట్టు లేదు. చెవులు అప్పటిలాగే ఎర్రగా ఉన్నాయి.
"ఇవీ ఎదురుగాలికే ముఖం పెడతాయి," అన్నాడు,
"లేకపోతే తిరగవు."
గొప్పగా ఏమీ అనలేదు. చేతులు గుడ్డకు తుడుచుకుంటూ అన్నాడు.

తర్వాత పనిపెట్టె తీసుకుని
పై మర వైపు నడిచాడు, కొంచెం కుంటుతూ,
తల వంచి, భుజం ముందుకు తోసి.
దూరమెంతో నాకు తెలుసు, పందొమ్మిది అడుగుల పరుగు కాదది.
చేతిలో ఫ్లాస్కు వేడిగా ఉంది.
అతను తలుపు తీసి లోపలికి వెళ్లేదాకా
మూత తిప్పలేదు.