తడి

ముత్తుకూరు రొయ్యల కంపెనీలో
పొద్దున ఆరింటికి నలభై జతల చేతులు
సబ్బులో మునిగి, క్లోరిన్‌లో మునిగి
గాలి మిషను కింద బారు తీరతాయి.
అది గుర్రుమని ఊదేలోపే గంట కొడతారు.
సగం తడితోనే గ్లౌజులు.

ఒకనాడు ల్యాబు పిల్ల షాహీనా
దూదిపుల్లతో నా అరచెయ్యి గీకింది.
రెండ్రోజులకి గాజుమూత కింద
నూకలు చల్లినట్టు చుక్కలు!
కడిగిన చెయ్యే గదమ్మా అన్నా.
"కడిగావు వెంగమ్మత్తా, ఆరనియ్యలా.
తడంటే వాటికి తిరణాల."
మిషను మూతిని గీకినా అవే చుక్కలు.

మర్నాటి నించి కాయితం చుట్టలొచ్చాయి.
తుడిచి పారెయ్యాలంట.
తెల్లటి కాయితం, ఒక్క తుడుపుకే!
మొదట్లో పారెయ్యను చెయ్యి రాలా.

ఇంట్లో మేకుకి ఒకటే తుండు.
మామకీ, మొగుడికీ, ఇద్దరు పిల్లలకీ,
అన్నానికి ముందూ, దొడ్డికెళ్ళొచ్చాకా.
ఆ రాత్రి ముక్కు దగ్గర పెట్టుకు చూశా.
ఉడకేసి, నాలుగ్గా చించి,
ఇంకో మూడు మేకులు కొట్టా.
"ఇదేం చోద్యం" అన్నాడు మామ,
పిల్లోడి ముక్కకే చేతులు తుడుస్తా.

నాకింకా కొంగే.
"దీన్ని గూడా గీకుతావా?" అన్నా నవ్వుతా.
షాహీనా నవ్వలా,
దూదిపుల్ల తీసింది.