రాయి

"మొదటి మెట్టు రాయి" అంటాను.
మద్దిలేటి రాయడు.
పేజీ అడుగున ఆన్సరొక్కటే. ఒప్పే.
పైనంతా తెల్లకాగితం.
"యాడ చూసి కొట్టినావు రా?"
"యాడా లేదు సార్. కనపడె."

చదవమంటే ప, వ, మ
ఒకదాని కాలు ఒకటి తొక్కుతాయి వాడికి.
ఐదుకు ఒకటి వేసినా.

ఆదివారం. బేతంచెర్లలో మా వంటిల్లు,
మూలమట్టానికి లొంగని గది.
వాళ్ళ నాయనా నేనూ టేపు సాగదీస్తున్నాం.
వాడు గడపలో నిలబడి, ఒక్క చూపు:
"పద్దెనిమిది బండలు. పొయ్యికాడ ఒగటి కోయాల."

పద్దెనిమిదే పట్టినాయి.

ఆ చల్లటి బండ మీద కాళ్ళు పెట్టుకోని
పేపర్లు దిద్దుతున్నా.
"ఆన్సరు కాడ్నించి పైకి రానా సార్?"
పొద్దున అడిగినాడు.

రా.
కింద నించే రాయి.